ముట్టని అన్నం పొట్లాలు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

నేను కలకత్తాలో ఒక యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. మన తెలుగువాళ్లుండే బడ్జ్ బడ్జ్ నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చిపోయేదాన్ని. కరోనా వచ్చిన ఏడు, రెండు రోజుల్లో గదులు ఖాళీ చెయ్యాలని నోటీసు అంటించారు. దగ్గరూరి పిల్లలు వెళ్లిపోయారు. ఇంతలో రైళ్లే ఆగిపోయాయి. దూరపు పిల్లలు కొందరు, వాళ్లతో పాటు నేనూ లోపల చిక్కుకుపోయాం.

వార్డెన్ దీదీ పద్ధతిగల మనిషి. గదికొక్కరే ఉండాలంది. నేను అన్నం పొట్లం, నీళ్ల సీసా గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోవాలి. రెండు పూటలు పొట్లం అలాగే ఉంటే తనకు చెప్పాలి. తను డాక్టరుకు ఫోన్ చేస్తుంది. నాది చిన్న చదువే గానీ, ఏ గదిలో ఎవరో, ఎవరికి కారం పడదో అంతా నోటికే ఉండేది.

మూడో అంతస్తు చివరి గదిలో పలాస పిల్ల ఉండేది. మాలాగే చర్చికి వెళ్లే ఇంటి పిల్ల. మిగతా పిల్లలు మాసీ అంటే, తను నన్ను పిన్నీ అని పిలిచేది. ఈ ఊళ్లో చేపల పులుసులో చింతపండు వేసేది నేనొక్కదాన్నేనని, వంటగదిలోకొచ్చి గిన్నె అడుగు కూడా ఊడ్చుకు తినేది.

అవి ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలపు నలభై రోజులు. మా ఇళ్లల్లో ఉపవాసాలుంటాం. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పొట్లం ముట్టలేదు. సాయంత్రం పెట్టిందీ అలాగే ఉంది. మర్నాడు దీదీ అడిగితే, "ఉపోస్ దీదీ, మా వాళ్లకిది ఉపవాసాల కాలం" అన్నాను. ఇంత కష్టంలోనూ పిల్ల నియమం తప్పలేదని కాస్త గర్వంగానే అన్నాను. దీదీ తలూపి కాగితం మీద ఏదో రాసుకుంది. ఫోన్ చెయ్యలేదు.

మూడో రోజు చూస్తే నీళ్ల సీసా మూత కూడా తియ్యలేదు. తలుపు బాదాను. పలకలేదు. చెవి ఆనిస్తే, లోపల రంపం లాగుతున్నట్టు ఊపిరి. దీదీకి చెబితే, ఆస్పత్రి నుంచి ఆ ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్నవాళ్లు వచ్చేదాకా తలుపు ముట్టొద్దంది. గేటు దగ్గరి గార్డు దాదా కాళ్లు పట్టుకున్నాను. అతనొచ్చి గునపంతో గడియ ఊడగొట్టాడు. దీదీ తన దగ్గరున్న నంబర్లన్నిటికీ ఫోన్ చేసింది. అందరూ మంచాలు లేవనేవాళ్లే. పొద్దు వాలాక గాని అంబులెన్సు రాలేదు.

మర్నాడు తల్లి పలాస నుంచి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, మా పిల్ల ఏటైనా తిన్నాదేటి?"

"ఉపాసముందనుకున్నానమ్మా. అందుకే ఎవులికీ చెప్పనేదు."

"ఉపాసమున్నా సాయంత్రం గంజి తాగుతాం కదక్కా" అంది ఆమె.

మా ఇంట్లోనూ అంతే. నాకది తెలియనిదా?

పిల్ల బతికింది. తొమ్మిది రోజులు ఊపిరి మిషన్ పెట్టారు. తర్వాత ఇంటివాళ్లు కారు కట్టించుకుని వచ్చి ఊరికి తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. తల్లీ మళ్లీ ఫోన్ చెయ్యలేదు. నేను చేద్దామంటే నోరు రాలేదు.

ఆ తర్వాత దీదీ పద్ధతి మార్చింది. పొట్లం పెట్టాక లోపలి నుంచి గొంతు వినాలి. వినేదాకా నేను కదిలేదాన్ని కాదు. "బతికే ఉన్నాను మాసీ, ఇక పో" అని విసుక్కునేవాళ్లు పిల్లలు. ఆ విసుగు వింటేనే నా కాళ్లు పక్క గుమ్మానికి నడిచేవి. చివరి గది ముందు మాత్రం పని లేకపోయినా నిలబడేదాన్ని.

మీ ఇంట పిలిస్తే పలికే గొంతులు ఒక్కటీ తగ్గకుండా దేవుడు చూడాలి. చల్లగా ఉండండి.