దోసిట్లో పోసిన నీళ్ళు

చర్చిలో ప్రకటనలు మొదలవగానే మెల్లగా బయటికి జారుకోవడం నాకు పాత అలవాటు. ఈ ఆదివారం అలా వస్తే వరండాలో కొత్త కడవ కనిపించింది. ఎండలు ముదిరాయని యువజనులు పెట్టారు. లోటాతో ముంచి నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, పచ్చిమట్టి వాసన ముక్కుకు తగిలింది. తాగకుండానే లోటా దించాను. లోపల మైకు కీచుమంది. పాస్టరుగారు వచ్చే వారం కార్యక్రమాలు చదువుతున్నారు. "గురువారం సాయంత్రం ప్రభురాత్రి భోజనం. శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. అయిదో మాట, ఎప్పటిలాగే మన దానియేలు అంకుల్."

శుభ శుక్రవారం నాడు, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని ప్రసంగిస్తారు. అయిదోది 'దప్పిగొనుచున్నాను' అన్న దప్పిక మాట. మా పుంగనూరు చర్చిలో నేను మొదటిసారి ఆ మాట చెప్పిన రోజు మూడొందల మంది ఏడ్చారనీ, రోడ్డున పోయే కానిస్టేబులు కూడా టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడనీ మదనపల్లె నుంచి కుప్పం దాకా నేను చెప్పని చుట్టం లేడు. నిజానికి ఆ రోజు ఉన్నది అరవై మంది. కానిస్టేబులు టోపీ తీసింది చెమటకు. ఏడుపు మాత్రం నిజం. ఆ ఏడుపు తెప్పించిన మాటలు నావి కావు, అత్తవి.

అత్త నాకు చుట్టం కాదు. సంఘమంతటికీ అత్తే. చర్చి ఊడ్చేది, కడవలు నింపేది. మిగతా రోజుల్లో గుడ్డసంచిలో బైబిలు పెట్టుకుని సదుం వైపు పల్లెలకు నడిచిపోయి, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసి వచ్చేది. నేను అప్పుడే పాలకేంద్రంలో గుమాస్తాగా చేరాను. చేతిరాత బాగుందని సంఘానికి కార్యదర్శిని చేశారు. మొదటి ఆదివారమే ప్రకటనలు గ్రాంథికంలో దంచాను. రోగులైన సహోదరీ సహోదరుల నిమిత్తము ప్రార్థింపవలెను అన్నాను. అయ్యాక అత్త చీపురు పట్టుకుని అడ్డం నిలబడింది.

"రే దానేలూ, రోగులంటే ఎవుర్రా? వాళ్ళకు పేర్లు లేవా?"

"చానామంది ఉండారు కదత్తా. టైము సాలదు."

"నీ గొంతు నువ్వే ఇనుకోనీకి టైముండాది గదా! గంగవరం కాడ చెల్లమ్మకు కాలిరిగిండాది. చెల్లమ్మ అను. చర్చిలో నా పేరు పిలిసినారంట అని తెలిస్తే ఆయమ్మకు సగం నొప్పి పోతాది. పేరు పెట్టి చెప్పు. నోట్లో నమలొద్దు."

అప్పటినుంచి నా ప్రకటనల్లో పేర్లు వచ్చాయి. ఎదుటి మనిషితో మాట్లాడినట్టు చెప్పడం, వెనక వరుసలో చెవులు సరిగా వినపడని ముసలివాళ్ళను చూస్తూ చెప్పడం, అంతా ఆమె పెట్టిన భిక్షే.

ఏడు మాటలు మాత్రం ఎప్పుడూ టీచర్లకూ ఆఫీసు ఉద్యోగులకే పోయేవి. ఒక ఏడాది నేను పేర్లు రాస్తుంటే అత్త నా బల్ల దగ్గరికి వచ్చింది. అడగడం ఆమెకు అలవాటు లేదు. కొంగుతో బల్ల తుడుస్తూ అంది.

"ఈ తూరి అయిదో మాట నాకీరా. ఒకే ఒక్క తూరి. దప్పిక గురించి నాకు తెలిసింది ఒకటుండాది. సచ్చేలోగా చెప్పల్ల."

"ఏం చెప్తావో ముందు నాకు చెప్పు, సూస్తా" అన్నాను, ఏదో పెద్ద అధికారిలాగా.

మెట్ల మీద కూర్చుని చెప్పింది. "సదుం కాడ ఓ పల్లెలో, నడిఎండలో, ఒకింట్లో నీళ్ళడిగినా. ఆయమ్మ చెంబు తెచ్చి, దోసిలి పట్టమనింది. తగలకుండా పైనుంచి పోసింది. సగం నీళ్ళు మోచేతుల మింద కారిపాయ. నాలిక పిడచగట్టుకపోయిండాది, అయినా తాగేది మర్సిపోయి ఆ కారిపోయే నీళ్ళనే సూస్తాండా. దప్పిక ఓర్సుకోవచ్చు రా. ఇంకొకర్ని అడిగేదే కష్టం. దేవుడి కొడుకు గూడా అడిగినాడు సూడు. ఎవుర్ని? మేకులు కొట్టినోళ్ళను."

ఆమె పేరు రాశాను. తర్వాత కొట్టేశాను. ఊడ్చే మనిషిని మైకు ముందు నిలబెడతావా అని కమిటీ పెద్దలు గద్దించారనీ, నా చేతులు కట్టేశారనీ ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. కమిటీకి ఆ కాగితం చూపించనే లేదు. ఆ శుక్రవారం కుప్పం నుంచి నాకు పిల్లనివ్వబోయే మామ వస్తున్నాడు. ఆయన ముందు మెరవాలి. అత్త చెప్పింది విన్నాక, అంత మంచి మాట నా దగ్గర ఇంకోటి లేదని తెలిసిపోయింది. "కమిటీ వద్దనిందత్తా" అన్నాను. "సరేలే" అంది.

శుక్రవారం నాడు దోసిలి, మోచేతులు, కారిపోయిన నీళ్ళు, ఒక్కటీ వదలకుండా చెప్పాను. "ఒక పల్లెలో ఒక స్త్రీ" అన్నాను. ముందు వరుసలో కాబోయే మామ కళ్ళద్దాలు తీశాడు. అత్త వెనక కడవల దగ్గర కూర్చుని ఉంది. మూడు గంటలకు ఆరాధన ముగిసి అందరూ నన్ను చుట్టుముట్టినప్పుడు లోటాతో నీళ్ళు తెచ్చింది.

"గొంతెండిపోయింటాది. తాగు."

కొత్త కడవ నీళ్ళు. తాగాను.

"బాగా చెప్పినావు రా. వెనకదాకా ఇనపడింది. పేరొకటే చెప్పలేదు."

ఖాళీ లోటా తీసుకుని వెళ్ళిపోయింది. బతికినన్నేళ్ళూ ఆ కడవలు నింపింది. నన్ను ఇంకేమీ అడగలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుండేవి. ఆమె పోయినప్పుడు శవపెట్టె మోశానని కూడా చెప్పుకుంటాను. మోయలేదు. కుప్పంలో మామగారింట్లో విందులో ఉన్నాను. మూడో రోజు వచ్చాను.

ఈ ఆదివారం వరండాలో లోటా పట్టుకుని అలా నిలబడి ఉండగానే పాస్టరుగారు వచ్చి ఫోనులో పోస్టరు చూపించారు. ఏడు ఫోటోలు. అయిదోది నాది, రంగేసిన జుట్టుతో.

"ఆ దోసిలి కథే చెప్పండంకుల్, అందరూ అడుగుతున్నారు. ఇంతకీ ఎవరామె? మీకు తెలుసా?"

"ఎవరో నాయనా, పాతకాలం మనిషి" అన్నాను.

అంత సులభంగా అన్నాను. ఇంతవరకూ అత్త అత్త అంటూ వచ్చానే కానీ ఇక్కడ కూడా పేరు రాయలేదు, మీరు గమనించే ఉంటారు. కరుణమ్మ. ఈ నాలుగక్షరాలకు నాకు నలభై ఏళ్ళు పట్టింది, అదీ కాగితం మీద. శుక్రవారం మైకు ముందు చెప్తానా అంటే, చెప్తాననే రాయాలని చెయ్యి లాగుతోంది. రాయను. అలా రాస్తే అది కూడా ఆ కానిస్టేబులు టోపీ లాంటిదే అవుతుంది.