పరీక్షకెళ్లొచ్చిన నూనె

నోటి దురుసు వల్ల వీధిలో అందరూ ఆమెను మిరపకాయత్త అంటారు. ఆమె అమ్మే గంజాయి గింజల నూనెలో మత్తు లేదని సీసా మీదే రాసి ఉన్నా, ఇన్‌స్పెక్టర్ పరీక్ష పేరు చెప్పి కొట్టంతా ఊడ్చుకుపోయాడు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆమె చెప్పులు అరిగాక, ఒకరోజు సీసాలు వెనక్కి తెచ్చాడు.

“మత్తు లేదట. అమ్ముకో అమ్మా,” అన్నాడు, ఏదో ఉద్ధరించినట్టు.

ఆమె ఒక మూత తీసింది. చెడిపోయిన నూనె కంపు గుప్పుమంది. అతను చటుక్కున ముక్కు మూసుకున్నాడు.

“ఇదేంటమ్మా, పాడైన సరుకు అమ్ముతావా? మళ్లీ సీజ్ చెయ్యాలి.”

“నీ గోడౌన్‌లోనే కదయ్యా కుళ్లబెట్టావు!”

“పాడైందో లేదో ల్యాబే తేల్చాలి. ఒక శాంపిల్ ఇవ్వు.”

మిరపకాయత్త సీసా మొత్తం అతని నెత్తిన ఒంపేసింది.

“ఇదిగో శాంపిల్. కారిపోకముందే పరిగెత్తు!”