ఇసికేలి గారి "ఇవ్వను"

ఇసికేలి నోట "ఇదిగో, తీసుకో" అన్న మాట విన్నవాళ్ళు సువా నగరంలో ఒక్కరు కూడా లేరని ఉనైసి నమ్మకం. పెన్ను అడిగితే ఇవ్వను. బయట కుంభవృష్టి కురుస్తుంటే గొడుగు అడిగినా ఇవ్వను. టైమెంతైందని అడిగితే "నీ ఫోనులో చూసుకో." ఫిజీలో ఇది చిన్న తప్పు కాదు. కేరేకేరే, అంటే దయచేసి ఇవ్వమని, బంధువు చెయ్యి చాపాడంటే తొడుక్కున్న చొక్కా అయినా విప్పి ఇవ్వాలి, లేకపోతే ఊళ్ళో తలెత్తుకోలేం. అలాంటి చోట పుట్టి, యాభై రెండేళ్ళు ఈ మనిషి ఎలా బతికి బట్టకట్టాడో దేవుడికే తెలియాలి.

పిల్లికి బిచ్చం పెట్టని ఈ మనిషికి ప్రభుత్వం సరిగ్గా తగిన పనే ఇచ్చింది. ఫైళ్ళన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించారు కదా, వాటిని ఎలా కాపాడుకోవాలో ఉద్యోగులకు నేర్పాలి. తుపాను బాధితులకు ఇంటికప్పు రేకులు పంచే ఆఫీసుకి ఆయన వచ్చిన రోజున ఉనైసి ముందు వరసలో కూర్చుంది. పందొమ్మిదేళ్ళుగా రేకుల జాబితా రాసేది ఆవిడే.

"ఇదివరకు జాబితా ఎక్కడుండేది?" అని అడిగాడు ఇసికేలి.

"ఇనప బీరువాలో సార్."

"అందులో పేర్లు మార్చాలంటే?"

"పడవెక్కి సువా రావాలి. వాచ్‌మన్‌ని దాటాలి. ఆ తలుపు తుప్పు పట్టింది, ఇద్దరు లాగితేగానీ రాదు."

"ఇప్పుడది ఎక్కడో ఉన్న కంప్యూటర్లలో ఉంది. నీ పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, మంచం మీద పడుకుని మార్చెయ్యొచ్చు. నీ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?"

ఉనైసి వేళ్ళు మడవసాగింది. రెండు చేతులూ అయిపోయాయి. పక్క సీటు హీర్‌మతి తన చేతులు చాపి, "నావి కూడా వాడుకో అక్కా" అంది.

ఇసికేలి నవ్వలేదు. "అందరూ లేవండి. 'ఇవ్వను' అనండి."

ఒకాయన "రేపిస్తాను" అన్నాడు. ఇంకొకావిడ "మా ఆయన్నడిగి ఇస్తాను" అంది. ఒకరైతే ఏమీ అడక్కముందే క్షమించమన్నారు.

"ఉనైసీ, ఆ గొడుగు ఇలా ఇవ్వు."

"తీసుకోండి సార్."

"పరీక్ష తప్పావు!" అన్నాడు. గొడుగు మాత్రం తిరిగివ్వలేదు. మూడు రోజుల్లో ఆయన సంచిలోకి పద్నాలుగు పెన్నులు, రెండు గొడుగులు, హీర్‌మతి మధ్యాహ్నానికి తెచ్చుకున్న రొట్టె, వంకాయకూర చేరాయి.

"డబ్బా అయినా ఇవ్వండి సార్," అని బతిమాలింది హీర్‌మతి.

"ఇవ్వను."

వెళ్ళేముందు ప్రతి బల్ల మీదా ఒక కాగితం అంటించాడు. 'పాస్‌వర్డ్ ఇవ్వనివ్వనిది ఇసికేలి. తిట్టదలచినవాళ్ళు ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి.' కింద తన సొంత నంబరు. అచ్చులో పేరు చూసుకోవాలని ముసలాడికెంత సరదా అని ఆఫీసంతా నవ్వుకుంది.

ఆ శిక్షణకి రానివాడు ఒక్కడే, డైరెక్టరు సకియూసా. సర్టిఫికెట్ మాత్రం అందరికంటే ముందు ఆయనకే అందింది. రెండు వారాల తరవాత ఉనైసి బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, కొత్త పాస్‌వర్డ్ ఒక్కసారి చెప్పు" అన్నాడు. ఆయన తల్లిది ఉనైసి వాళ్ళ ఊరు. ఊరి మేనల్లుడు అడిగితే ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు లేదనకూడదు. ఉనైసి బల్లమీది కాగితం వంక చూసింది. నెపం ఎవరో ముసలాయన మీదికి నెట్టడానికి సిగ్గేసింది. 'ఇవ్వను' అందామని నోరు తెరిచింది. పాస్‌వర్డ్ వచ్చింది.

నెల తిరిగేసరికి, కప్పులెగిరిపోయిన ఒక దీవి వాళ్ళ పేర్లు జాబితాలో లేవు. సిమెంటు మిద్దెలున్న సకియూసా తండ్రి ఊరివాళ్ళ పేర్లున్నాయి. గొడవైంది. మార్పులన్నీ ఉనైసి పేరు మీదే జరిగాయన్నారు, ఉద్యోగం తీసేస్తామన్నారు. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా, చిరిగేది ఆకే కదా. ఆవిడకి ఏడుపు కూడా రాలేదు, ఒళ్ళు మండింది. అందులో సగం తన మీదే.

ఏ కంప్యూటరు నుంచి మార్చారో లెక్క తీసి కమిటీకి ఇవ్వాల్సింది ఇసికేలి. విచారణ రోజున ఉనైసి ఆయన గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. తలుపు సగం తెరిచే ఉంది. లోపల, ఆయన ఊరివాడే, వరసకి బావమరిది అయిన సకియూసా నేల మీద బాసింపట్టు వేసుకుని, రెండు చేతుల్లో తిమింగలం పన్ను పట్టుకుని కూర్చున్నాడు. అది చాపి అడిగితే కాదన్న మనిషిని ఉనైసి పుట్టి ఎరగదు.

"బావా, మన పెద్దల పేరున అడుగుతున్నా. మా ఇంటి కంప్యూటరు సంగతి రాసిన ఆ ఒక్క కాగితం నాకివ్వు."

ఇసికేలి కూడా కిందికి దిగి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన చేతులు పన్ను అందుకోవడానికి లేవబోయాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు.

"ఇవ్వను బావా."

"మన ఊళ్ళో నీ శవాన్ని మొయ్యడానిక్కూడా ఎవరూ రారు."

"తెలుసు. ఇవ్వను."

ఉనైసికి ఉద్యోగం మిగిలింది, ఒక హెచ్చరిక కాగితంతో. రేకులు ఆ దీవికి వెళ్ళాయి, రెండు వానలు కురిశాక. సకియూసాని ఇంకా పెద్ద ఆఫీసుకి మార్చారు. ఇసికేలిని మాత్రం క్లౌడ్ భద్రత నేర్పమని కరెంటు కూడా సరిగ్గా లేని ఒక దూరపు దీవికి పంపారు. న్యాయం అంటే ఇదీ అని ఉనైసి ఆఫీసులో అందరికీ వినబడేట్టు అంది. అందరూ విననట్టు నటించారు.

పడవ కదిలే రోజున రేవుకి వెళ్ళింది. వాన జోరుగా పడుతోంది.

"నేను ఇచ్చేశాను కదా సార్, నన్నెందుకు కాపాడారు?"

"నిన్నెవరు కాపాడారు? వాడడిగాడు, ఇవ్వనన్నాను. అలవాటు."

"ఆ నంబరుకి ఎవరైనా ఫోన్ చేశారా?"

ఆయన ఫోను చూపించాడు. వచ్చిన ఫోన్లు వందల్లో ఉన్నాయి. పైనున్నది ఆయన సొంత అక్క పేరు.

"అన్ని ఆఫీసుల్లోనూ ఆ కాగితం అంటించాను. పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు," అన్నాడు. "మీరు బంధువుని కాదనలేరు. ఆ తిట్లు తినడానికి ఒకడుండాలి కదా. నువ్వే వాడుకోలేదు, మొద్దు!"

ఈ మనిషినా ఇన్నాళ్ళూ పిసినారి అన్నాం అని ఉనైసి సిగ్గుపడింది.

ఆయన పడవెక్కి, వెనక్కి తిరిగాడు. "ఉనైసీ, నీ కొత్త పాస్‌వర్డ్ ఏమిటి?"

ఆవిడ నోరు తెరిచింది. "ఇవ్వను!"

రేవులో జనం తిరిగి చూశారు. ఇసికేలి సంచిలో చెయ్యి పెట్టి వెతికి, ఒక గొడుగు తీసి ఒడ్డుకి విసిరాడు.

"ఇదిగో, తీసుకో!"

ఉనైసి పట్టుకుని విప్పింది. అది హీర్‌మతి గొడుగు.