తమ్ముడితో, తెల్లగుడ్డతో సమాధుల పండుగకి

నా బీరువాలో రెండు వస్తువులు పక్కపక్కనే ఉండేవి. ఒకటి, నా పెళ్ళినాడు ఫాదర్ గారు మంత్రించి ఇస్తే మావారు నా మెడలో కట్టిన మంగళసూత్రం. రెండోది ఒక తెల్లగుడ్డ. మా తమ్ముడు శౌరి గురుపట్టం పుచ్చుకుని ఫాదర్ అయిన రోజున బిషప్ గారు వాడి అరచేతులకి పరిశుద్ధ తైలం రాసి, ఆ గుడ్డతోనే రెండు చేతులూ కలిపి కట్టారు. అలాంటి గుడ్డని ఆ గురువు తల్లికి ఇవ్వడం మాలో ఆనవాయితీ. ఆవిడ పోయాక పెట్టెలో ఆవిడ చేతుల్లో పెట్టి సమాధి చేస్తారు. మావారు పోయి నాలుగేళ్ళు, అమ్మ పోయి రెండో ఏడు నడుస్తోంది. గుడ్డ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఈసారి నవంబరులో సమాధుల పండుగకి నేను మా ఊరు బయల్దేరింది దాని కోసమే.

సంగతి కొంచెం చెప్పాలి. శౌరి చాలా ఏళ్ళు గురువుగా పనిచేశాడు. ఆ తర్వాత ఆ బాధ్యతల నుంచి విడుదల కోరుకున్నాడు. మాలో గురువులకి పెళ్ళి ఉండదు కాబట్టి రోము నుంచి అనుమతి వచ్చేదాకా ఆగి, నర్సుగా పనిచేసే కరుణని ఒక మామూలు రోజు పొద్దున్నే చిన్న గుడిలో పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ వాణ్ణి ఒక్క మాట అనలేదు. నాతో మాత్రం, "ఆ గుడ్డ వాడే వచ్చి, వాడి చేత్తో పెట్టాలి. ఇంకెవరూ పెట్టొద్దు" అంది. అమ్మని సమాధి చేసిన రోజు శౌరి సమాధుల ఆవరణ గేటు దాకా వచ్చి, లోపల ఉన్నవాళ్ళ మొహాలు చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. వాడి కోసం చూసి చూసి పెట్టె మూసేశాం. అమ్మ ఉత్త చేతులతో వెళ్ళింది.

ఈసారి పండుగ ఆదివారం వచ్చింది. పొద్దున పూజ చూసుకుని, విజయవాడ గవర్నర్‌పేటలో షేర్ ఆటో ఎక్కి ఇరవై రూపాయలిచ్చి బస్టాండులో దిగాను. ఏలూరు వైపు వెళ్ళే బస్సులన్నీ హనుమాన్ జంక్షన్‌లో ఆగుతాయి. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే ఎక్స్‌ప్రెస్‌లో కూడా టికెట్ డబ్బులు అక్కర్లేదు. గంటంపావు ప్రయాణం. గన్నవరం దగ్గర ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త పడుతుంది. కార్తీకమాసం కదా, బస్సు నిండా వనభోజనాలకి వెళ్ళే ఆడవాళ్ళు, అంత్యాక్షరి. పక్క సీటావిడ నన్ను మోచేత్తో పొడిచి, "మీరూ ఒకటి పాడండి. మీ బ్యాచ్ ఏ తోటకండీ?" అని అడిగింది.

"తోటకి కాదండీ, సమాధుల దగ్గరికి. ఇవాళ మా పెద్దల పండుగ."

ఆవిడ బుట్ట మూత తీసి పులిహోర పొట్లం నా ఒళ్ళో పెట్టింది. "అయితే ఇది తినండి. అక్కడ హోటళ్ళేం ఉంటాయి?" నిజంగానే ఉండవు. ఆ పులిహోరే నాకూ, శౌరికీ, కరుణకీ మధ్యాహ్నం భోజనమైంది.

ముందే అనుకున్నట్టు జంక్షన్‌లో పూల బళ్ళ దగ్గర శౌరి, కరుణ ఎదురుచూస్తున్నారు. గళ్ళ చొక్కాలో వాణ్ణి చూడటం నాకింకా అలవాటు కాలేదు. ఆ రోజు బంతిపూల ధర మామూలు కంటే రెట్టింపు ఉంటుంది, అయినా అక్కడే కొనుక్కోవాలి, ఊళ్ళో దొరకవు. మా ఊరికి లోపలికి పది పన్నెండు కిలోమీటర్లు. రానూపోనూ, వెయిటింగుతో కలిపి ఆటోకి ఐదొందలు అడిగారు.

"వెయిటింగ్ అంటే మీ చేతుల్లో లేదండీ, ఫాదర్ గారి చేతుల్లో ఉంటుంది" అన్నాడు డ్రైవర్. "పోయిన ఏడాది ప్రసంగం మొదలెట్టాక నేను ఆటో కడిగాను, పడుకున్నాను, లేచాను. ఆయన ఇంకా ఆదాము దగ్గరే ఉన్నారు."

కరుణ శౌరి వైపు చూసి, "కొంతమందికి అంతేలెండి. మా ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిందని చెప్పడానికి కూడా ప్రసంగంలా మూడు భాగాలు చేస్తారు" అంది. శౌరి నవ్వాడు. వాడు నవ్వగా చూసి చాలా కాలమైంది. ఆ నవ్వు ఆటో రోడ్డు దిగి చేపల చెరువుల గట్టు ఎక్కేదాకానే. అటూ ఇటూ చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. దూరంగా వరి పండటానికి సిద్ధంగా ఉంది. మబ్బు పట్టి ఉంది. ఊరి గుడి శిలువ కనపడగానే వాడు మొహం చెరువుల వైపు తిప్పుకున్నాడు.

సమాధుల గేటు ముందు ఆటో ఆగింది. వాడు దిగాడు కానీ అడుగు ముందుకు వెయ్యలేదు.

"నువ్వెళ్ళి రా అక్కా. నేనిక్కడే ఉంటా."

సంచిలోంచి గుడ్డ తీసి చూపించాను. "అమ్మ నన్ను పెట్టమనలేదురా."

"పెట్టె మూసేశారుగా. ఇప్పుడెక్కడ పెడతాను?" అన్నాడు నేల వైపు చూస్తూ.

కరుణని వాడికి తోడుంచి లోపలికి వెళ్ళాను. అప్పటికే సగం ఊరు అక్కడుంది. కొందరు సమాధులు కడుగుతున్నారు, కొందరు సున్నం వేస్తున్నారు. మావారిదీ ఆ ఊరే. ఆయన సమాధి కడిగి, పూలు పేర్చి, కొవ్వొత్తి వెలిగించాను. పెళ్ళిలో మేం చెప్పుకున్న మాట మరణం వేరుచేసేదాకా అని. ఆ మాటని ఆయన చివరిదాకా నిలబెట్టుకున్నారు. ఆ బంధం అక్కడితో తీరిపోతుందని మా కతోలిక తిరుసభ చెబుతుంది. నమ్ముతాను. అయినా ఆ సిమెంటు మీద చెయ్యి పెడితే, ఇంకా ఆయన భార్యనే అనిపిస్తుంది.

నాలుగింటికి పూజ మొదలవుతుందనగా మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాను. అప్పుడే మా పాత పొరుగింటి జ్ఞానమ్మ మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. శౌరిని చూసి ఆగి, అలవాటు కొద్దీ తల వంచింది. "ఫాదర్ బాబూ, దీవించయ్యా."

శౌరి చెయ్యి కొంచెం లేచింది. మధ్యలోనే ఆగిపోయింది. వాడి మొహం చూడలేకపోయాను.

"నేనిప్పుడు ఆ పని చెయ్యకూడదు మామ్మా."

"అయ్యో, అవునుగా. పెళ్ళి చేసుకున్నావుగా. మర్చిపోయాను, నా మతిమరుపు మండ. ఈ పిల్లేనా?" కరుణని పైనుంచి కిందికి చూసింది. "బక్కగా ఉంది. తిండి పెడుతున్నావా? సరే, దీవించకపోతే పోనీ, చెయ్యి పట్టుకోవచ్చుగా? నేనీ మెట్లు దిగలేను. మా ఆయన ఆ చివర ఉన్నాడు, పద."

వాడు నా వైపు చూశాడు. మామ్మ అప్పటికే వాడి చెయ్యి పట్టేసుకుంది. అలా లోపలికి వచ్చాడు మా తమ్ముడు, గురువుగా కాదు, ఒక ముసలావిడకి ఊతంగా. వెనకనుంచి ఎవరో, "పీఠం దిగినాయనకి ఇక్కడేం పనో" అన్నారు. వినపడేట్టే అన్నారు. మామ్మ తిరిగి చూడలేదు. ఆవిడకి వినపడలేదో, వినదలచుకోలేదో నాకు తెలియదు.

పూజ అయ్యాక ఆ ఊరి గుడి చూసుకునే విచారణ గురువు, కుర్రాయన, వరసగా ఒక్కో సమాధి మీదా పవిత్ర జలం చల్లుతూ వచ్చారు. అమ్మ సమాధి దగ్గర మేం ముగ్గురం. ఒకప్పుడు ఆ నీళ్ళు చల్లిన మనిషి, ఇవాళ అందరిలాగే తల వంచి నిలబడ్డాడు. మా మీద చల్లేటప్పుడు ఆ కుర్ర ఫాదర్ గారు కాసేపు ఎక్కువ ఆగారు.

అందరూ తర్వాతి సమాధికి కదిలాక శౌరి మోకాళ్ళూనాడు. గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, కింద అమ్మ చేతులు ఉండే చోటు అంచనా వేసి, సిమెంటు మీద పరిచాడు. దాని మీద రెండు అరచేతులూ ఆనించాడు. "అమ్మా, వచ్చానే" అన్నాడు. అంతే. కొవ్వొత్తి సగం కరిగేదాకా లేవలేదు. ఆ పలక కిందకి ఏదీ వెళ్ళదని ముగ్గురికీ తెలుసు.

లేచాక గుడ్డ మడిచి నాకివ్వబోయాడు. "నీ దగ్గరే ఉంచక్కా. నేను పోయినప్పుడు నా చేతుల్లో పెట్టు. అమ్మకి నేనే తీసుకెళ్ళి ఇస్తాను."

"నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్నిరా. అప్పటికి నేను ఉండొద్దూ?"

అప్పుడు కరుణ చెయ్యి చాపింది. "ఇటివ్వండి వదినా. నేను పెడతాను."

ఏ గుడ్డని వదిలించుకుని వాడు తనని చేసుకున్నాడని ఊరంతా అందో, ఆ గుడ్డనే ఆ పిల్ల కళ్ళకద్దుకుని చీర కొంగులో చుట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ నేను ఆమెని పేరుతో కూడా సరిగ్గా పిలవలేదు. "కరుణా, జాగ్రత్తమ్మా" అన్నాను.

చీకటి పడ్డాక జంక్షన్ చేరాం. విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. నా పెళ్ళీ, వాడి గురుపట్టమూ రెండూ దివ్యసంస్కారాలే. నాది సమాధి దాకా. వాడిది వాడు ఆ పని మానేసినా, సమాధి దాటినా వాడి ఆత్మ మీద ముద్రగా ఉండిపోతుందని చిన్నప్పుడు గుడిలో జపాల తరగతిలో నేర్చుకున్నాం. ఆ ముద్రకి గుర్తైన గుడ్డని వాడి చివరి రోజున వాడి చేతుల్లో పెట్టబోయేది పెళ్ళి సంస్కారం వాడికిచ్చిన భార్యే అన్నమాట. అమ్మకి ఈ మాట చెప్పాలనిపించింది. ఇంటికొచ్చి బీరువా తెరిస్తే ఇప్పుడు మంగళసూత్రం ఒక్కటే ఉంది. పక్కన ఖాళీగా ఉంది. మనసు తేలికపడిందని చెప్పలేను.

సమాధుల పండుగకి మా ఊరి వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క సంగతి. కొవ్వొత్తులు జంక్షన్‌లోనే కొనుక్కోండి, చెరువుల గాలికి సన్నవి ఆగవు, లావువి తీసుకోండి. మీకు కావలసినవాటికంటే ఒకటి ఎక్కువే తీసుకోండి. గేటు బయట ఎవరైనా ఉత్త చేతులతో నిలబడి ఉంటే, అది వాళ్ళ చేతికిచ్చి లోపలికి రమ్మనండి.