అట్ట బాల్కనీకి మరమ్మతు

మా వీధి వడ్రంగి బాబాయికి ఒక జబ్బు ఉంది. ఏ పనీ ఓ మోస్తరుగా చేయలేడు. ఎలకల బోను చేసినా అంచులు చిత్రిక పట్టి, మూలలు నున్నగా తీర్చి మరీ ఇస్తాడు. "లోపలికొచ్చిన ఎలక్కి పేడు గుచ్చుకుంటే ఎవరు చూస్తారు?" అంటాడు. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విరిగిన కుర్చీలు విప్పి, మళ్ళీ బిగిస్తూ తనే నేర్చుకున్నాడు. మాట తక్కువ. మాట్లాడాల్సిన చోట కూడా రంపం అందుకుంటాడు. ఆయనకొచ్చిన చిక్కంతా ఈ జబ్బు వల్లే వచ్చింది.

బాబాయి ఇంట్లో మేడ మీది గది అత్తగారిది. మోకాళ్ళు మొరాయించడంతో ఆవిడ మెట్లు దిగడం మానేసింది. గదికి కిటికీ ఉంది గానీ బాగా ఎత్తున ఉంది. మంచం మీంచి చూస్తే ఆకాశం, ఎదురింటి పొగగొట్టం తప్ప ఇంకేం కనబడవు. ఆ ఎదురింటి కింది వాటాలోనే దర్జీ కొట్టు. కొట్టు నడిపే ఆవిడా, అత్తగారూ ఒకరినొకరు "వదినా" అని పిలుచుకునేవారు. ఆ పిలుపుతో మొదలుపెట్టి పొద్దుగూకేదాకా పోట్లాడుకునేవారు. గుడ్డముక్కలు మా గుమ్మంలోకి ఊడ్చావని ఒకరు, నీ గుమ్మంలో అవే కాస్త అందంగా ఉన్నాయని ఇంకొకరు. మోకాళ్ళతో పాటు ఆ పోట్లాటా మూలపడింది. అత్తగారు కంచంలో సగం వదిలేయడం మొదలుపెట్టింది.

"కూర ఎలా ఉందత్తయ్యా?" అని బాబాయి ఒకరోజు అడిగాడు.

"బాగానే ఉంది నాయనా."

పిన్ని బాబాయి వెనకాలే కిందికి దిగి, వంటింట్లో పీట మీద కూలబడింది. "విన్నారా? బాగానే ఉందట! పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నా వంటకి వంక పెట్టకపోవడం ఇదే. ఇంక లాభం లేదండీ, మనిషి చెయ్యి దాటిపోతోంది."

బాబాయి టేపు పట్టుకుని మేడ ఎక్కాడు. బయట చిన్న బాల్కనీ వేస్తే అత్తగారు కుర్చీలో కూర్చుని వీధంతా చూడొచ్చు, వీధినంతా తిట్టొచ్చు.

అయితే మాది పాత వీధి. ఇక్కడ ఇంటి ముఖం మీద మేకు కొట్టాలన్నా పాత ఇళ్ళ కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ అధ్యక్షురాలిని అందరం గొడుగు మేడమ్ అంటాం. ఎండైనా వానైనా ఆవిడ గొడుగు విప్పదు, దాంతో గోడలు చూపిస్తుంది. వెనకాలే మందుల షాపాయన ఉంటాడు. ఆవిడ చెప్పిన ప్రతిదానికీ తల ఊపడం ఆయన బాధ్యత. కమిటీకి ఒక పద్ధతి ఉంది. కట్టదలచుకున్నదేదైనా సరే, ముందు దాని నమూనాను అసలు కొలతల్లో, అసలు చోటులోనే నిలబెట్టాలి. వీధిలో వాళ్ళు కొన్నాళ్ళు చూస్తారు, తర్వాత కమిటీ వచ్చి తేలుస్తుంది. మామూలుగా ఎవరైనా కర్రలు కట్టి, మీద పాత దుప్పటి కప్పి ఊరుకుంటారు.

బాబాయి దుప్పటి కప్పి ఊరుకునే రకమా?

దర్జీ కొట్లో గుడ్డ చుట్టి వచ్చే అట్ట గొట్టాలు అడిగి తెచ్చి కటకటాల ఊచలు చేశాడు. అట్టలు పొరలు పొరలుగా అంటించి, పైన బంకతో రంపప్పొట్టు అద్ది, తడి ఆరకముందే దువ్వెనతో చెక్క చారలు గీశాడు. రంగులు నా వంతు. "కొత్తగా మెరిసిపోకూడదు. పక్క ఇళ్ళల్లో కలిసిపోవాలి" అన్నాడు. ఎండకి వెలిసినట్టు, మూలల్లో పాచి పట్టినట్టు వేశాను. అంతా అయ్యాక ఒక జల్లు పడి, చివరి ఊచ నడుము దగ్గర వంగింది. మార్చేద్దామని బాబాయి నిచ్చెన తెచ్చేలోపే కమిటీ వచ్చేసింది.

గొడుగు మేడమ్ వీధి మధ్యలో నిలబడి పైకి చూసింది. "నమూనా ఏదయ్యా?"

"అదేనండి."

"అది బాల్కనీ. నేనడిగేది నమూనా. దుప్పటేదీ?"

"దుప్పటి లేదండి. అదంతా అట్ట."

"అట్టా?" మేడమ్ గొడుగు బాబాయి గుండెల మీదికి తిరిగింది. "ఇంత పాతకాలపు పనితనాన్ని పట్టుకుని అట్ట అంటావా? దీన్ని పీకి అవతల పారేసి సిమెంటు దిమ్మ పొయ్యాలనా నీ ఎత్తు?"

మందుల షాపాయన తల ఊపి, ఆ ఊపులోనే కళ్ళు తుడుచుకున్నాడు. "వానొస్తే మా తాత ఈ బాల్కనీ కిందే నిలబడేవాడండి. నన్నెత్తుకుని."



మేడమ్ దర్జీ వైపు తిరిగింది. "ఎదురుగా ఉండేదానివి, నువ్వు చెప్పమ్మా. ఇది ఎప్పట్నించి ఉంది?"

గొట్టాలు ఇచ్చిందే ఆవిడ. కుట్టే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని పైకి చూసింది. కిటికీలో అత్తగారి నెత్తి మాత్రం కనబడుతోంది.

"నేను కాపరానికొచ్చినప్పట్నించీ ఉందండి. దాని మీద నిలబడే కదా నన్ను ఆడిపోసుకునేది!"

"నేనా?" పైనుంచి గొంతు ఖంగుమంది. "మొదలెట్టేది ఎవరు? నేనా, నువ్వా?"

ఆ గొంతు వీధిలో వినబడి ఎన్నాళ్ళయిందో. దర్జీ తలవంచుకుని కుట్టుకుంది గానీ, నవ్వు దాచుకోలేకపోయింది.

సాయంత్రానికల్లా గోడకి ఆకుపచ్చ రేకు బిగించారు. "పురాతన కట్టడం. ముట్టరాదు, మార్చరాదు."

ఇప్పుడు అట్టది తీయడానికి లేదు, చెక్కది వేయడానికి లేదు. గట్టి వాన పడితే పురాతన కట్టడం గుజ్జయి కాలవలో కలుస్తుంది. అన్నిటినీ మించిన తలనొప్పి అత్తగారు. మర్నాడే స్టూలెక్కి కిటికీలోంచి ఒక కాలు బయట పెట్టబోయింది. పిన్ని నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

"అమ్మా! అది అట్టే!"

"అంత చదువుకున్నావిడ పాతకాలందని చెబితే, నువ్వు అట్టంటావేమే?"

భయపడి బాబాయి కిటికీకి అడ్డంగా బీరువా జరిపాడు. దాంతో ఆకాశమూ పోయింది, పొగగొట్టమూ పోయింది. ఆ పూట కూర మళ్ళీ బాగానే ఉంది.

ఇక ఉండబట్టలేక బాబాయి మేడమ్‌ని పిలుచుకొచ్చి బాల్కనీ కింద నిలబెట్టాడు. నిచ్చెనెక్కి, "ఇదుగో చూడండి" అని అడుగున ఆనిన దూలంలోకి వేలు గుచ్చాడు. వేలు మొదలంటా దిగింది. రంపప్పొట్టు జలజలా రాలింది. జీవితంలో మొదటిసారి మేడమ్ గొడుగు విప్పింది.

"చెదలు!" అని గొడుగు కిందనుంచి కేక పెట్టింది.

"చెదలు కాదండి, నేను అద్దిన పొట్టు..."

"కప్పిపుచ్చకు! ఇన్నేళ్ళూ గాలికొదిలేసి ఇప్పుడు కబుర్లా? చెద తిన్న చెక్క మొత్తం తీసి మంచి టేకు వెయ్యి. మనుషులు నిలబడినా కదలకూడదు. చూపుకి మాత్రం వెంట్రుకవాసి తేడా రాకూడదు. నా దగ్గర ఫోటో ఉంది!" అంతలో ఆవిడకి మరో అనుమానం వచ్చింది. "అవునూ, బాల్కనీకి తలుపేదయ్యా? పూర్వం ఉండే ఉంటుంది. ఏ పాపాత్ముడు మూయించాడో! తెరిపించు."

"ఆ తలుపు కిర్రుమనేదని మా తాత చెప్పేవాడండి" అన్నాడు మందుల షాపాయన.

"అసలు సంగతేంటంటేనండి..." అనబోయాడు బాబాయి.

బీరువా వెనకనుంచి అత్తగారు అరిచింది. "అల్లుడూ! పెద్దావిడ అంత చెబుతుంటే ఎదురు మాట్లాడతావేం? నోరు మూసుకుని చెయ్యి!"

బాబాయి చేశాడు. చెద తిన్న చెక్క మొత్తం అంటే బాల్కనీ మొత్తం. తలుపు పెట్టి, మందుల షాపాయన మాట కాదనలేక దానికి కిర్రు కూడా పెట్టాడు. అంతా బాగుందనుకునేసరికి మేడమ్ ఫోటో పట్టుకుని దిగింది.

"చివరి ఊచ వంకరగా ఉండాలే! తిన్నగా ఉందేం?"

బాబాయి మళ్ళీ రంపం అందుకున్నాడు. పుట్టాక వంకర పని చేసి ఎరగడు. చెక్క ఎలా పట్టుకున్నా ఊచ తిన్నగానే వస్తోంది. రోజుల తరబడి కూర్చుని, ఉలితో గోకి గోకి, చివరికి ఆ వంకర కూడా వంక పెట్టడానికి లేకుండా తీర్చాడు.

ఇప్పుడు అత్తగారు పొద్దున్నే తలుపు కిర్రుమనిపించి కుర్చీలో కూర్చుంటుంది. వీధికి అదే గంట.

"ఏం వదినా, ఆ ఊచేంటి అలా వంగింది? మీ అల్లుడికి చూపానట్లేదా?" అంటుంది దర్జీ.

"రేకు మీద రాసింది కనబళ్ళా? పురాతనం! నీ కుట్టు కంటే తిన్నగానే ఉందిలే!"

మొన్న పిన్ని కంచం పట్టుకుని మేడ మీంచి పరుగున దిగి, బాబాయి పనిచేసుకునే చోటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఏవండీ! కూర గడ్డి కంటే అధ్వాన్నంగా ఉందట!"

బాబాయి చిత్రిక పక్కన పెట్టి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.