పసుపు పెట్టిన నుదురు

మా ఫుట్‌బాల్ జట్టులో ఈ ఏడాది నా పని ఏమిటో తెలియక నానా అవస్థా పడ్డాను. చెప్పేవాడు లేక కాదు. మా అక్క కొడుకే కొత్త కోచ్. అతను చెప్పిన కొద్దీ నాకు అంతవరకు తెలిసింది కూడా పోయింది.

అంతకుముందు ఈ గొడవే లేదు. నేను పొడగరిని, వీపు వెడల్పు. పెనాల్టీ బాక్సు దగ్గర గోలుకు వీపు పెట్టి నిలబడేవాణ్ణి. వెనకనుంచి మావాళ్ళు బంతిని ఎత్తుగా నామీదికి కొట్టేవాళ్ళు. అవతలి డిఫెండరు నా వీపు మీద పడి తోసేవాడు, నేను కదిలేవాణ్ణి కాదు. బంతిని ఛాతీ మీద దించుకుని, పరిగెత్తుకొచ్చేవాడి కాళ్ళకు అందించేవాణ్ణి. వీలుచిక్కితే నేనే తలతో గోల్లోకి పంపేవాణ్ణి. బర్మాలో మా పజుండౌంగ్ పేట తెలుగువాళ్ళ జట్టు నాకు మీసం వచ్చినప్పటినుంచీ ఆడింది ఈ ఒక్క ఆటే. దీన్ని టార్గెట్ మేన్ అంటారని టీ కొట్టులో టీవీ చూస్తూ చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. పేరున్న పనే చేస్తున్నానని కొంచెం గర్వం కూడా కలిగింది.

"మావా, నువ్వక్కడ నిలబడ్డం మానీయ్," అన్నాడు మేనల్లుడు మొదటి ప్రాక్టీసు నాడే.

"మరెక్కడ నిలబడాల?"

"నిలబడకు. తిరుగుతుండు."

"ఎక్కడ తిరగాల్రా?"

"ఆళ్ళకెక్కడ ఇబ్బందో అక్కడ," అని ఫోన్ తీసి వీడియోలు చూపించాడు. ఎక్కడో యూరప్‌లో ముందుండాల్సినవాడు మైదానం మధ్యకి వచ్చేస్తున్నాడు. వాడి వెంట డిఫెండరు వచ్చేస్తున్నాడు. ఖాళీ అయిన చోటికి ఎవడో పొట్టివాడు దూరి గోలు కొడుతున్నాడు. అందరూ ఆ పొట్టివాణ్ణి కావలించుకుంటున్నారు. మరి వీడి సంగతేమిటి అని అడిగాను. "గోలు ఈడిదే మావా, నీకు కనపడతం లేదు," అన్నాడు. నిజంగానే నాకు కనపడలేదు.

పోనీ పొడుగువాళ్ళ కాలం అయిపోయిందనుకుందామా అంటే అదీ కాదు. కరెంటున్న పూట టీ కొట్టులో చూస్తే పెద్ద జట్లన్నిటికీ ముందు మళ్ళీ తాటిచెట్టంత మనుషులే. పొడుగువాడు తిరిగొచ్చాడు సరే, పొట్టివాడి పనులన్నీ నేర్చుకుని మరీ వచ్చాడు. పరిగెడతాడు, వెనక్కి వచ్చి బంతి లాక్కుంటాడు, చిన్న చిన్న పాసులిస్తాడు, ఆపైన గోలూ కొడతాడు. చౌక్తడాలో ఓడల ఆఫీసు కుర్చీలో రోజంతా కూర్చుని వచ్చే నాకు అవన్నీ ఎక్కడినుంచి వస్తాయి? కోపం వచ్చింది. భయమూ వేసింది. ఎందుకంటే మేనల్లుడు దాపరికం లేకుండా ముందే చెప్పాడు: అహ్లోన్ జట్టుతో ఏటా ఆడే రెండు ఆటలూ చూసి, నన్ను ఉంచుకోవాలో, గీత అవతల ఆట చూసే పెద్దవాళ్ళ పక్కన కుర్చీ వెయ్యాలో తేలుస్తానని. ఆదివారం పూట ఆ మైదానంలో చోటు లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. వేరే సరదా ఏదీ నేను నేర్చుకోలేదు.

మా జట్టుకు ఒక ఆచారం ఉంది. మా తాతల కాలంలో అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసేటప్పుడు, సీజన్లో మొదటి బస్తా తలకెత్తుకునేవాడి నుదుటికి అమ్మవారి పసుపు పెట్టేవారట. బస్తాలు పోయాయి, పసుపు ఉండిపోయింది. ఇప్పుడు ఆటకు ముందు గుడి పెద్దాయన వచ్చి, ముందు నిలబడి బంతిని తలకెత్తుకునేవాడి నుదుటి నిండా పసుపు రాస్తాడు. ఇన్నేళ్ళూ ఆ నుదురు నాదే. చెమటకు కరగాలి తప్ప చేత్తో తుడవకూడదు.

అహ్లోన్ జట్టులో ఉన్నదీ ఆ మోతగాళ్ళ మనవలే. సగంమంది బర్మా ఇళ్ళతో కలిసిపోయారు. తెలుగు మరిచిపోయారు గాని పసుపు మరవలేదు. అది ఎవరి నుదుట ఉంటే గోలు వాడినుంచే వస్తుందని వాళ్ళ నమ్మకం. ఏటా పసుపు మొహం కనపడగానే ఇద్దరు డిఫెండర్లు వచ్చి నాకు అంటుకుపోయేవాళ్ళు.

ఈసారి మొదటి ఆటలో మేనల్లుడు వాడుకున్నది దాన్నే. "పసుపు ఎట్టించుకో మావా. ఎట్టించుకుని పక్కకెల్లిపో," అన్నాడు. నేను బాక్సు వదిలి గీత పక్కకి వెళ్ళాను. ఇద్దరూ నా వెంట వచ్చారు. మైదానం మధ్యకి వచ్చాను. వచ్చారు. ఒకసారి బూటు లేసు కట్టుకోవడానికి వంగితే చెరో పక్కనా నిలబడి కాపలా కాశారు. ఈలోగా ఖాళీ చోట్లో మా పొట్టివాళ్ళు గోలు మీద గోలు కొట్టి గెలిచారు. నాకు బంతి ఒక్కసారి కూడా తగల్లేదు. మేనల్లుడు వచ్చి నా భుజాలు పట్టుకుని, "నువ్వు ఇంత బాగా ఆడ్డం నానెప్పుడూ సూళ్ళేదు మావా," అన్నాడు. ఏడిపిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అంటున్నాడు.

ఇంటికి వెళ్ళాక మా ఆవిడ అడిగింది. ఆమె తల్లి బర్మా మనిషి, తెలుగు తక్కువ మాట్లాడినా సూటిగా మాట్లాడుతుంది.

"గెలిసినారా?"

"గెలిసినాం."

"నువ్వు ఆడినావా?"

కంచం ముందుకు లాక్కున్నాను. ఆటలో అరటిపండు అంటారు చూడండి, చిన్నపిల్లాణ్ణి ఊరికే ఆటలోకి తీసుకుంటారు, వాడు ఔటైనా లెక్కలేదు. నేను అదేనా? లేక మేనల్లుడన్నట్టు గోల్సన్నీ నావేనా? అన్నం తింటూ ఒకసారి అదనుకున్నాను, ఒకసారి ఇదనుకున్నాను. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

దానికి తోడు ఇంకో బెంగ. అమ్మవారి పసుపును ఎరగా పెట్టి ఆడామా అని. గుడికి వెళ్ళి పెద్దాయనకి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన పసుపు గిన్నె మీద మూత పెట్టాడు. తర్వాత, "మోసినోడికి ఎడతాం పసుపు. నువ్వేటి మోసినావు?" అన్నాడు.

"ఆళ్ళ మనుషులు ఇద్దర్ని మోసినాను తాతా. ఆటంతా."

"బరువేనా?"

"బరువే."

"అయితే తప్పు నేదు," అన్నాడు గాని, ఆయనకీ గట్టి నమ్మకం ఉన్నట్టు అనిపించలేదు. తల గోక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

రెండో ఆట అమ్మవారి పండగకు ముందు ఆదివారం, అహ్లోన్‌లో పాత బియ్యం మిల్లు వెనక. పెద్దాయన ఎప్పటిలాగే పసుపు పెట్టాడు, ఈసారి కొంచెం మందంగానే. నేను బాక్సు దగ్గరికి వెళ్ళాను. పాత ఇద్దరు డిఫెండర్లూ నన్ను చూశారు. పసుపునూ చూశారు. వాళ్ళలో పెద్దవాడు "కోజీ" అని పలకరించి, అంటే పెద్దన్నా అని, నవ్వుతూ మా పొట్టివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండోవాడు అతని వెనకే వెళ్ళాడు.

నేను గీత పక్కకి వెళ్ళి చూశాను. ఎవరూ రాలేదు. మధ్యకి వచ్చి చూశాను. అంత పెద్ద మైదానంలో నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని, మావాళ్ళు వదిలేస్తే వాళ్ళని తిట్టుకోవచ్చు. కాని అవతలివాళ్ళు కూడా నన్ను వదిలేస్తే ఎవర్ని తిట్టుకోవాలి? అవమానంగా అనిపించింది. నన్ను తొయ్యమని అడగాలనిపించింది.

"మావా, నిన్నెవులూ కాయట్లేదు, లోపలికి పో," అని మేనల్లుడు బయటనుంచి అరిచాడు. వెళ్ళాను. సగం ఆట దాటాక మా కుర్రాడొకడు కొట్టిన బంతి ఎవరికో తగిలి నేరుగా నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. ఎదురుగా గోలు. మధ్యలో గోల్‌కీపరు తప్ప ఇంకెవరూ లేరు. అతను కూడా ఓ మూలకి జరిగి ఉన్నాడు. నా జన్మలో అంత తేలిక బంతి నాకు రాలేదు.

నేను గోలుకు వీపు పెట్టి తిరిగాను. ఎందుకు తిరిగానో ఇప్పటికీ చెప్పలేను. కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు చాపి, వెనకనుంచి ఎవరైనా వచ్చి తోస్తారని ఆగాను. ఎవరూ తొయ్యలేదు. ఎటు నెట్టాలో, ఎవరికి అందించాలో నాకు తోచలేదు. ఎంతసేపు ఆగానో తెలియదు.

గోల్‌కీపరు పరిగెత్తను కూడా లేదు. నడిచి వచ్చి, వంగి నా కాళ్ళ మధ్యనుంచి బంతి తీసుకున్నాడు. తీసుకుని వెంటనే వెళ్ళలేదు. ఒంట్లో బాగానే ఉందా అని బర్మా భాషలో మెల్లగా అడిగాడు. బాగానే ఉందన్నాను. మంచివాడు, నా భుజం తట్టి మరీ వెళ్ళాడు.

గీత అవతల మేనల్లుడు నన్ను రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. అతని పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అతను చెప్పేది ఈసారి నాకు పూర్తిగా అర్థమైంది.