అంజిబాబు సాష్టాంగం

అంజిబాబుకి పుట్టుకతోనే ఉలికిపాటు. కొబ్బరికాయ దబ్బున రాలినా, వెనకనుంచి ఎవరైనా పిలిచినా ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి నిలువునా పడిపోయేవాడు. స్పృహ తప్పేది కాదు. చేతులు మాత్రం ముందుకొచ్చేవి కావు. వాళ్ల నాన్నదీ అదే తీరు. తల్లి సుందరమ్మ ఇద్దరికీ అంత్రాలూ తాయెత్తులూ కట్టించి కట్టించి విసిగిపోయింది.

తండ్రి పోయాక ఆయన బంట్రోతు ఉద్యోగం అంజిబాబుకి వచ్చింది. తొంభై ఆరులో ఆ ఆఫీసుకి సుబ్బరాజుగారు కొత్త అధికారిగా వచ్చారు. మొదటిరోజే బల్లమీద గంట ఠంగుమని కొట్టారు. గుమ్మంలో ఉన్న అంజిబాబు బిగుసుకుపోయి ఆయనకెదురుగా బోర్లా పడ్డాడు.

రాజుగారు మురిసిపోయారు. "బంట్రోతంటే ఇలా ఉండాలి. భయం, భక్తి."

"భక్తి కాదండి, జబ్బండి," అన్నాడు అంజిబాబు నుదురు తుడుచుకుంటూ.

"వినయం కూడానూ," అన్నారాయన.

ఆనాటినుంచి ఎవరొచ్చినా గంట కొట్టి చూపించేవారు. జిల్లా అధికారి వచ్చినప్పుడు మూడుసార్లు కొట్టారు. మూడోసారికి అంజిబాబు ముందుపన్ను విరిగింది. తాము వెనకబడిపోతామని గుమాస్తాలూ గంట వినగానే వంగడం మొదలెట్టారు. హెడ్ గుమాస్తా నడుం పట్టేసి వారం సెలవు పెట్టాడు.

పన్ను పోయాక భార్య వీరలక్ష్మి ఊరుకోలేదు. కాకినాడలో నరాల డాక్టరుకి చూపించింది. ఆయన అంజిబాబు ముక్కు కొనమీద వేలితో తట్టాడు. తల వెనక్కి ఎగిరిపడింది. ఎన్నిసార్లు తట్టినా అంతే.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"ఆయ్. మా నాన్నకుండేదండి. మా చిన్నదానికీ ఉందండి."

"ఇది వంశంలో వచ్చే జబ్బు. చాలా అరుదు. పిరికితనం కాదు, గాలీ కాదు. మాత్ర రాస్తాను. పాపనీ తీసుకురండి."

దాన్ని జబ్బని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. అంజిబాబుకి కళ్లనీళ్లు తిరిగాయి.

నెల తిరిగేసరికి గంట మోగితే భుజాలు అదిరేవి, అంతే. రాజుగారు ఒకసారి కొట్టారు. మళ్లీ గట్టిగా కొట్టారు. అంజిబాబు నిలబడే ఉన్నాడు.

"ఏమయ్యా, ఈమధ్య పద్ధతి మారింది?"

"మందు వాడుతున్నానండి." డాక్టరు చీటీ చూపించాడు.

రాజుగారు అది చదవకుండానే తిరిగిచ్చేశారు. వారంలో అంజిబాబుకి పి.గన్నవరానికి బదిలీ అయింది. కారణం, అవిధేయత.

అక్కడి అధికారి అనురాధగారు ఆ బదిలీ కాగితం రెండుసార్లు చదివారు. "అవిధేయత అని రాశారు. ఏం చేశారండీ మీరు?"



"నిలబడ్డానండి," అన్నాడు అంజిబాబు.